లూషాన్‌లో పెంగ్ దెహువాయ్ ఎందుకు ఒంటరి అయ్యారు? తొలి తరం చైనా నాయకుల గురించి ఒక సందేహం

ప్రశ్న: చరిత్రవిద్యార్థి

చైనాలో కమ్యూనిస్టు పార్టీ అధికారానికి వచ్చిన తొలి దశాబ్దాల నాయకుల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. 1949 అక్టోబరు 1న తియనాన్‌మెన్ ద్వారం మీద మావో పక్కన నిలబడినవారిలో చాలామంది అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా కలిసి యుద్ధం చేసినవారు. ఎర్రసైన్యం వేల మైళ్లు నడిచి వెనక్కి తగ్గిన లాంగ్ మార్చ్‌లో ఆకలినీ చలినీ కలిసి భరించినవారు. వారిలో ఎవరినీ పిరికివారని అనడానికి మనసొప్పదు. అటువంటివారు 1959 వేసవిలో లూషాన్ కొండ మీద జరిగిన సమావేశంలో, పల్లెల్లో తిండి కరవవుతోందని ఎంతో కొంత తెలిసి ఉండి కూడా, రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ రాసిన ఒక ఉత్తరానికి అండగా నిలవలేకపోయారు. ఆ తర్వాతి రెండేళ్లలో కరవు దేశాన్ని కబళించింది. చనిపోయినవారి సంఖ్యను పరిశోధకులు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల వరకు అంచనా వేస్తున్నారు.

పెంగ్ సామాన్యుడు కాదు. కొరియా యుద్ధంలో చైనా సేనలను నడిపి, 1953 జులైలో యుద్ధవిరమణ పత్రం మీద సంతకం చేసిన మార్షల్. ఆయనకే పదవి పోయే గతి పట్టినప్పుడు దేశాధ్యక్షుడు లియు షావోచీ, ప్రధానమంత్రి చౌ ఎన్‌లై, పాత సేనాని చూ తే వంటివారు ఏమనుకుని మౌనంగా ఉన్నారు? భయమా, పార్టీ క్రమశిక్షణా, లేక పంటనూ పరిశ్రమనూ ఒక్క అంగలో పెంచాలని 1958లో మొదలైన గ్రేట్ లీప్ ఉద్యమాన్ని వారు నిజంగానే నమ్మారా? అంతా మావో ఒక్కరే చేశారన్న సమాధానం నాకు సరిపోవడం లేదు. అందరూ సమాన బాధ్యులే అంటే ఎవరు ఏం చేశారో విడిగా చూడడానికి వీలుండదు. ఈ కాలాన్ని శ్రద్ధగా చదివినవారు కాస్త వివరంగా రాస్తే కృతజ్ఞుడిని.

---

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

మీ ప్రశ్నకు సమాధానం లూషాన్‌లో మొదలు కాదండి. కనీసం పదహారేళ్లు వెనక్కి వెళ్లాలి. 1943 మార్చిలో, పార్టీకి అప్పటి కేంద్రమైన యెనాన్‌లో, పొలిట్‌బ్యూరో ఒక నిర్ణయం చేసింది. రోజువారీ వ్యవహారాలు చూసే ముగ్గురు సభ్యుల సచివాలయంలో చర్చకు వచ్చిన విషయాలపై తుది నిర్ణయాధికారం మావోకు ఉంటుందన్నది దాని సారాంశం. యుద్ధకాలపు ఏర్పాటుగా అది అర్థవంతమే కావచ్చు. కానీ అధికారం వచ్చిన తర్వాత కూడా ఆ అలవాటు పోలేదు. సమష్టి నాయకత్వం గురించి ఎన్ని తీర్మానాలు చేసినా, మావో ఒక మాట అన్నాక దానికి ఎదురు చెప్పే పద్ధతి పార్టీలో ఏర్పడనే లేదు.

తర్వాత 1953, 54 సంవత్సరాల్లో కావో కాంగ్ వ్యవహారం జరిగింది. ఈశాన్య చైనాకు అధినేతగా ఉండి, బీజింగ్‌కు వచ్చి ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడైన కావో, తనకు మావో మద్దతు ఉందనుకుని లియునూ చౌనూ తప్పించే ప్రయత్నంలో ఇతర నాయకులను కూడగట్టబోయారు. ఆయన కదిపినవారిలో డెంగ్ సియావోపింగ్, ఆర్థిక వ్యవహారాలు చూసే చెన్ యున్ ఉన్నారు. వారు ఆ సంగతిని మావోకు చేరవేశారు. 1954 ఫిబ్రవరిలో కేంద్ర కమిటీ విమర్శకు దిగింది. ఆగస్టులో కావో నిద్రమాత్రలు మింగి ప్రాణం తీసుకున్నారు. ఆయన ఆశయాలు ఎలాంటివైనా, ఆ ఘటన నుంచి పైస్థాయి నాయకులు నేర్చుకున్నది ఒక్కటే. ఇద్దరు ముగ్గురు నాయకులు విడిగా కూర్చుని ఒక అభిప్రాయానికి వస్తే దానికి ముఠా అన్న పేరు పడుతుంది, ఆ పేరు పడ్డవారు ఇక లేవరు. లూషాన్‌లో ఎవరూ ఎవరితోనూ ముందుగా కూడబలుక్కోలేకపోవడానికి ఇది ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, 1956 నుంచి 1958 వరకు జరిగిన కథ. 1956లో పెట్టుబడులూ లక్ష్యాలూ అదుపు తప్పుతున్నాయని చౌ ఎన్‌లై, చెన్ యున్, లీ సియన్నియన్, బో యీబో కలిసి పగ్గాలు వేశారు. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన ఎనిమిదవ మహాసభ కూడా ఆ నిదానాన్నే ఆమోదించింది. పార్టీ నిబంధనావళి నుంచి మావో ఆలోచనావిధానం అన్న మాటను తొలగించింది కూడా ఆ మహాసభే. మావో దీన్ని మరచిపోలేదు. 1958 జనవరిలో నాన్నింగ్ సమావేశంలో ఆయన ఆ ఆర్థిక నాయకుల మీద విరుచుకుపడి, వారు మితవాదులకు కేవలం 50 మీటర్ల దూరంలో ఉన్నారని అన్నారు. ముందు ఏడాదే సుమారు 5.5 లక్షల మందికి మితవాదులన్న ముద్ర వేసి ఉద్యోగాల నుంచీ ఊళ్ల నుంచీ తరిమిన దేశంలో ఆ మాటకు అర్థం ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. మే నెలలో మహాసభ రెండవ సమావేశంలో చౌ బహిరంగంగా ఆత్మవిమర్శ చేసుకున్నారు. జూన్‌లో తాను ప్రధానమంత్రిగా కొనసాగడం తగునా అని తానే అడిగారు. కొనసాగమన్నారు. ఆ తర్వాత ఆయన ఆర్థిక విషయాల్లో మావోకు ఎదురు చెప్పలేదు.

ఈ నేపథ్యంతో లూషాన్‌కు రండి. 1959 జులై 2న మొదలైన ఆ సమావేశం నిజానికి అతివాద పెడధోరణిని సరిదిద్దడానికి ఏర్పాటైనది. ఉక్కు ఉత్పత్తిని ఒక్క ఏడాదిలో రెట్టింపు చేసి 1.07 కోట్ల టన్నులకు చేర్చాలని పెరటి కొలుములు పెట్టించారు. వయసులో ఉన్నవారంతా కొలుముల దగ్గర ఉండడంతో 1958 శరదృతువులో పంట కోసే చేతులు కరవయ్యాయి. ధాన్యం దిగుబడి 37.5 కోట్ల టన్నులని ప్రకటించారు. అసలు పండినది సుమారు 20 కోట్ల టన్నులే. ఇవన్నీ కొంతవరకు మావో కూడా ఒప్పుకుంటున్న సమయం అది. అందుకే మొదటి రెండు వారాలు అందరూ తేలిక మనసుతో మాట్లాడుకున్నారు.

పెంగ్ అంతకు ముందు ఏడాది చివర్లో హునాన్‌లోని తన స్వగ్రామానికి వెళ్లి వచ్చారు. బాల్యంలో భిక్షమెత్తిన మనిషి, ఆకలితో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. పొలంలో రాలిపోతున్న పంట ఆయనకు అంకెగా కనిపించి ఉండదు. జులై 13 ఉదయం మావోతో నేరుగా మాట్లాడాలని వెళ్తే ఆయన నిద్రలో ఉన్నారన్నారు. దానితో మర్నాడు ఉత్తరం రాసి పంపారు. ఆ ఉత్తరం చదివితే దాని వినయం మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. ముందు విజయాలను చెప్పి, తర్వాతే నష్టాల జోలికి వెళ్తుంది. గట్టి మాట ఒక్కటే ఉంది, పెటీ బూర్జువా (చిన్న ఆస్తిపర వర్గపు) ఉన్మాదం మనల్ని అతివాద తప్పిదాలకు ఈడ్చిందన్న వాక్యం. వ్యక్తిగతంగా రాసిన ఆ ఉత్తరానికి మావో ఒక శీర్షిక పెట్టి, జులై 16న అచ్చు వేయించి అందరికీ పంచారు. 23న ఆయన ప్రసంగంతో సమావేశం తలకిందులైంది. సైన్యం పెంగ్ వెంట వెళ్తే తాను పల్లెలకు పోయి మరో ఎర్రసైన్యాన్ని కడతానన్నారు. ఆ క్షణం నుంచి చర్చ ధాన్యం గురించి కాకుండా పోయింది. మావో కావాలో పెంగ్ కావాలో తేల్చుకోవలసిన స్థితిలోకి ప్రతి ఒక్కరూ నెట్టబడ్డారు. పెంగ్ అప్పుడే సోవియట్ కూటమి దేశాల పర్యటన నుంచి తిరిగి వచ్చి ఉండడం, అదే జులైలో సోవియట్ అధినేత క్రుశ్చేవ్ పోలండ్‌లో కమ్యూన్‌లను (పొలాలను ఉమ్మడిగా కలిపిన పెద్ద గ్రామ సంఘాలను) తప్పుపడుతూ మాట్లాడడం ఆయన మీద అనుమానానికి మరింత ఊతమిచ్చాయి.

అండగా నిలిచినవారు లేకపోలేదు. ఒకప్పుడు పార్టీకి ప్రధాన నాయకుడిగా పనిచేసిన చాంగ్ వెన్‌తియన్ జులై 21న సుమారు మూడు గంటలు మాట్లాడి పెంగ్ వాదనకు సిద్ధాంతబలం చేకూర్చారు. సైనిక ప్రధానాధికారి హువాంగ్ కెచెంగ్, హునాన్ కార్యదర్శి చౌ సియావోచౌ కూడా ఆయనతో పాటు పార్టీ వ్యతిరేక ముఠాగా ముద్రపడ్డారు. వృద్ధుడైన చూ తే మెత్తగా విమర్శించి సరిపెట్టబోతే అది చెప్పు మీద నుంచి గోకినట్టుందని మావో ఎత్తిపొడిచారు.

---

సమాధానం: కృష్ణాతీరం

అధ్యాపకులవారి వివరణలో ప్రతి అక్షరాన్నీ గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఆయన చెప్పిన క్రమాన్ని చదివితే లియు, చౌ, డెంగ్ వంటివారు మావో నిర్మించిన బోనులో చిక్కుకున్నవారన్న భావన కలుగుతుంది. ఆ బోనుకు ఊచలు బిగించినవారిలో వారూ ఉన్నారు. 1945లో ఏడవ మహాసభలో పార్టీ నిబంధనావళి సవరణలపై నివేదిక చదివి, మావో ఆలోచనావిధానాన్ని పార్టీ మార్గదర్శక సూత్రంగా ప్రతిష్ఠించినది లియు షావోచీయే. 1957లో మితవాదుల ఏరివేతను ప్రధాన కార్యదర్శి హోదాలో రోజువారీగా నడిపించినది డెంగ్. 1958 మే నెలలో గ్రేట్ లీప్ పంథాను సమర్థిస్తూ కేంద్ర కమిటీ నివేదికను సమర్పించినది మళ్లీ లియునే. లూషాన్‌కు కాలు విరగడం వల్ల డెంగ్, అనారోగ్యం వల్ల చెన్ యున్ రాలేదు. వచ్చినవారిలో లియు, చౌ ఇద్దరూ పెంగ్‌ను ఖండిస్తూ మాట్లాడారు. వారిని కేవలం మౌనంగా ఉన్నవారుగా చెప్పడం చరిత్రకు న్యాయం చేయదు.

పెంగ్‌కు శిక్ష పడిన తర్వాత జరిగినది ఇంకా ఘోరం. సరిదిద్దడానికి మొదలైన సమావేశం మితవాదంపై దాడికి పిలుపునిచ్చి ముగిసింది. ఆ ప్రచారంలో 30 లక్షలకు పైగా కార్యకర్తలూ సభ్యులూ ముద్రలు వేయించుకున్నారు. వీరంతా ఎవరు? తమ ఊరిలో పంట ఇంతే పండిందని నిజం చెప్పినవారు. వారి నోరు మూసిన తర్వాత ఏ జిల్లా అధికారి అయినా తక్కువ అంకె ఎందుకు రాస్తాడు? 1959లో పండినది 17 కోట్ల టన్నులకు పడిపోయింది, అయినా ప్రభుత్వ సేకరణ అంతకు ముందు ఏడాదికన్నా పెరిగింది. ఆ ఏడాదే 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది. 1960లో దిగుబడి 14.35 కోట్ల టన్నులకు దిగజారింది. లూషాన్‌లో చేతులెత్తిన ప్రతి ఒక్కరి ఖాతాలోనూ ఈ అంకెల్లో కొంత భాగం ఉంది.

అయితే లియు గురించి ఇంత కటువుగా రాసిన తర్వాత, ఆయనలో వచ్చిన మార్పును కూడా అంతే నిష్ఠగా చెప్పాలి. 1961 వసంతంలో ఆయన హునాన్‌కు వెళ్లి 44 రోజులు పల్లెల్లో గడిపారు. స్వగ్రామంలో బంధువులు చెప్పిన మాటలు విని, తన ఇలాకాలోనే జనం ఆకలితో చనిపోయారని తెలుసుకుని రైతుల ఎదుట క్షమాపణ చెప్పుకున్నారు. అప్పటికి ఆయన దేశాధ్యక్షుడు. 1962 జనవరిలో బీజింగ్‌లో ఏడువేల మంది కార్యకర్తలతో జరిగిన సమావేశంలో, ఈ ఆపదకు ప్రకృతి మూడు పాళ్లు, మనుషులు ఏడు పాళ్లు కారణమని హునాన్ రైతులు అంటున్నారని ఆయన వినిపించారు. అదే వేదిక మీద, పెంగ్ స్థానంలో రక్షణ మంత్రి అయిన లిన్ పియావో లేచి, మావో మాటను సరిగా పాటించకపోవడం వల్లే కష్టాలు వచ్చాయని పొగడ్తలు కురిపించారు. ఎవరి మాట మావో మనసులో ఎలా నాటుకుందో తర్వాతి పదేళ్లు చూపించాయి.

ఆ ఏడాది వేసవిలో మావోతో జరిగిన వాగ్వాదంలో, ఇంతమంది ఆకలితో చనిపోయిన సంగతిలో చరిత్ర మీ పేరూ నా పేరూ రాస్తుందని లియు అన్నట్టు ఆయన భార్య వాంగ్ గ్వాంగ్‌మెయ్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. ఆ మాటలో ‘నా పేరూ’ అన్నది ఉండడం వల్లనే నాకు ఆయన మీద గౌరవం నిలిచింది.

---

చరిత్రవిద్యార్థి

ఇద్దరికీ ధన్యవాదాలు. 1956, 58 సంవత్సరాల కథ లూషాన్‌కు మూలమన్న సంగతి నేను ఇంతవరకు గ్రహించలేదు. ఒక అనుబంధ ప్రశ్న. 1968 అక్టోబరులో లియును పార్టీ నుంచి శాశ్వతంగా బహిష్కరించిన కేంద్ర కమిటీ ప్లీనంలో చౌ ఎన్‌లై కూడా సమ్మతించారు. కానీ అదే కాలంలో ఎందరినో ఎర్ర రక్షకుల (మావో పిలుపుతో సాంస్కృతిక విప్లవంలోకి దిగిన విద్యార్థి దళాల) చేతుల నుంచి కాపాడారని కూడా చదివాను. ఈ రెండింటినీ ఒకే మనిషికి ఎలా అన్వయించుకోవాలి?

---

సమాధానం: పాతపత్రికలు

చౌ ఎన్‌లై గురించి చాలా ఏళ్లుగా ఆలోచిస్తున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్నకు నేను రాస్తాను. ముందు ఆయన చేసిన మేలును తక్కువ చేయకుండా చెప్పుకోవాలి. 1966 ఆగస్టులో ఎర్ర రక్షకులు పాత వస్తువులన్నిటినీ ధ్వంసం చేస్తున్నప్పుడు బీజింగ్‌లోని పాత రాజప్రాసాదాన్ని మూయించి సైనికులను కాపలా పెట్టించారు. ఒక వృద్ధ పండితుడి ఇంటి మీద దాడి జరిగిన వెంటనే, సన్ యాత్ సేన్ భార్య సుంగ్ చింగ్‌లింగ్‌తో మొదలుపెట్టి కాపాడవలసినవారి జాబితా తయారు చేయించారు. మంత్రిత్వ శాఖలు స్తంభించినా రైళ్లు నడిచేలా, ఎరువులూ ధాన్యమూ కదిలేలా చూసినది ఎక్కువగా ఆయన కార్యాలయమే. రోజులో చాలా గంటలు పని చేసి, క్యాన్సర్ సోకిన తర్వాత కూడా విశ్రాంతి తీసుకోకుండా 1976 జనవరి 8న కన్నుమూశారు. ఆ ఏప్రిల్‌లో చనిపోయినవారిని తలచుకునే పండుగనాడు తియనాన్‌మెన్ కూడలికి వచ్చి పూలు పెట్టిన జనానికి ఎవరూ పిలుపు ఇవ్వలేదు.

రెండవ వైపు కూడా అంతే స్పష్టంగా నమోదై ఉంది. పై నాయకులపై ఆరోపణలు విచారించిన కేంద్ర బృందానికి చౌ నాయకత్వం వహించారు. లియు మీద తయారైన నివేదిక బలవంతపు వాంగ్మూలాలతో నిండినది. అయినా ద్రోహి, గూఢచారి, కార్మిక విద్రోహి అన్న ముద్రలతో లియును బహిష్కరించే తీర్మానానికి ప్లీనంలో చేతులు లేచాయి. ఎత్తనిది ఒకే ఒక్క చేయి, చెన్ షావోమిన్ అనే మహిళా సభ్యురాలిది. కేంద్ర కమిటీలో పేరున్న మార్షళ్లకు లేని తెగువ అనారోగ్యంతో ఉన్న ఆ కార్మికోద్యమ నాయకురాలికి ఉంది. ఆమె పేరు మన భాషలో వచ్చిన వ్యాసాల్లో నాకు దాదాపు కనిపించలేదు. అది నన్ను బాధిస్తుంది. లియు 1969 నవంబరు 12న కైఫెంగ్‌లో సరైన వైద్యం లేక మరణించారు, మారుపేరుతో దహనమయ్యారు. చౌ సొంత కూతురిలా పెంచుకున్న నాటకరంగ దర్శకురాలు సున్ వెయ్‌షీ 1968లో నిర్బంధంలోనే మరణించారు. ఆమెను కూడా ఆయన కాపాడలేకపోయారు.

చౌ తనకు ఒక హద్దు గీసుకున్నారని నా అభిప్రాయం. మావో ఇంకా తుది నిర్ణయం తీసుకోని మనిషి అయితే కాపాడడానికి తన తెలివితేటలన్నీ వాడేవారు. మావో నిర్ణయం అయిపోయిన మనిషి అయితే తాను కూడా సంతకం చేసేవారు. ఆ హద్దుకు ఇవతల ఉన్నవారు ఆయనకు జీవితాంతం రుణపడ్డారు, అవతల ఉన్నవారి కుటుంబాలకు ఆయన పేరు వేరుగా వినిపిస్తుంది. 1967 ఫిబ్రవరిలో చెన్ యీ, తాన్ జెన్‌లిన్, యె చియన్‌యింగ్ వంటి పాత సేనానులు సాంస్కృతిక విప్లవ బృందాన్ని ముఖం మీదే నిలదీసినప్పుడు ఆ సమావేశానికి అధ్యక్షత వహించినది చౌ. ఆయన వారిని వారించలేదు, వారితో గొంతూ కలపలేదు. మావో కోపగించిన తర్వాత వారి చేత ఆత్మవిమర్శ చేయించే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. 1980లో డెంగ్ ఒక ఇటాలియన్ పాత్రికేయురాలితో మాట్లాడుతూ, చౌ తనకు ఇష్టం లేని పనులు చేశారని, ఆయన లేకపోతే సాంస్కృతిక విప్లవం మరింత ఘోరంగా ఉండేదని, ప్రజలు ఆయనను క్షమించారని అన్నారు. డెంగ్ స్వయంగా ఆయన వల్ల రక్షణ పొందినవారు. లియు పిల్లలు కూడా ఆ మాటే అంటారా అన్న ప్రశ్నను నేను పక్కన పెట్టలేకపోతున్నాను.

---

సమాధానం: ఓరుగల్లు పాఠకుడు

ఈ చర్చను తెలుగువాళ్లం చేసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మనకు మావో పేరు బీజింగ్ ప్రభుత్వం ఏర్పడకముందే వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగా 1948లో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం పార్టీ కేంద్రానికి పంపిన పత్రంలో, మావో నూతన ప్రజాస్వామ్య సిద్ధాంతం మనకు దారి చూపుతుందని వాదించింది. ప్రధాన కార్యదర్శి రణదివే 1949లో దాన్ని తీవ్రంగా ఖండిస్తూ మావోను కూడా తప్పుపట్టారు. ఏడాది తిరగకముందే పరిస్థితి మారి చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951లో ఆయన, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో వెళ్లినప్పుడు, చైనాలో విప్లవానికి ఉన్న భౌగోళిక అనుకూలతలు భారతదేశంలో లేవని స్టాలిన్ వారికి చెప్పారు.

దీని వల్ల మనకు ఒక ప్రత్యేకమైన లోటు ఏర్పడింది. మన పాత తరం మావోను పోరాట సిద్ధాంతకర్తగా, చూ తేను సేనానిగా ప్రేమతో చదివింది. అధికారం వచ్చిన తర్వాతి పరిపాలకులుగా వారిని చదవలేదు. 1967 తర్వాత వచ్చిన తరం లియు షావోచీ పేరును చైనా క్రుశ్చేవ్ అన్న తిట్టు ద్వారానే విన్నది. చైనా ఛైర్మనే మన ఛైర్మన్ అన్న నినాదం గోడల మీద కనిపిస్తున్న రోజుల్లోనే, 1970లో, బీజింగ్‌కు వెళ్లిన నక్సలైటు నాయకుడు సౌరేన్ బోస్‌తో అది తప్పు అని చెప్పినది చౌ ఎన్‌లై. ఆ మాట ఇక్కడి కార్యకర్తలకు చేరడానికి చాలా సమయం పట్టింది.

చెన్ యున్ గురించి మనకు తెలిసినది ఇంకా తక్కువ. షాంఘై అచ్చుకూటపు కార్మికుడిగా మొదలైన ఆయన 1949, 50లలో నగరాల్లో ధరల పెరుగుదలను కొద్ది నెలల్లో అదుపు చేశారు. కరవు ముదిరిన తర్వాత 1961 నుంచి కెనడా, ఆస్ట్రేలియాల నుంచి ధాన్యం దిగుమతి చేసుకోవడం, సుమారు 2 కోట్ల మంది పట్టణవాసులను తిరిగి పల్లెలకు పంపి ప్రభుత్వం మోయవలసిన తిండి భారాన్ని తగ్గించడం వెనుక ఆయన లెక్కలున్నాయి. రెండవ నిర్ణయం ఎన్నో కుటుంబాల భవిష్యత్తును చెరిపివేసింది, అయినా ఆకలి తగ్గడానికి అది తోడ్పడింది. 1962లో పొలాలను కుటుంబాల వారీగా సాగుకు ఇవ్వాలని సూచించి మావో ఆగ్రహానికి గురైన తర్వాత ఆయన పదిహేనేళ్లు దాదాపు అజ్ఞాతంలో ఉన్నట్టే గడిపారు.

---

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు

కృష్ణాతీరం గారి అభ్యంతరాన్ని బలపరిచే సాక్ష్యం డెంగ్ నోటి నుంచే వచ్చింది. 1980 ఏప్రిల్‌లో పార్టీ చరిత్రపై తీర్మానం ముసాయిదా తయారవుతున్నప్పుడు, గ్రేట్ లీప్ కాలంలో మావో తల వేడెక్కితే మన తలలు చల్లగా ఉన్నాయా అని ఆయన సహచరులను అడిగారు. లియు, చౌ, తాను ముగ్గురూ అభ్యంతరం చెప్పలేదని, చెన్ యున్ నోరు విప్పలేదని ఆయన స్వయంగా అంగీకరించారు. భయమా, నమ్మకమా అని మొదట అడిగినవారికి ఇంతకన్నా సూటి సమాధానం నాకు దొరకలేదు. 1958లో నమ్మకం ఎక్కువ, 1959 జులై 23 తర్వాత భయం ఎక్కువ. ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది నెలల్లోనే నిజం చెప్పడానికి తలుపు కాస్త తెరుచుకుంది. అందులోంచి పెంగ్ ఒక్కరే ముందుగా నడిచారు.

పెంగ్ తర్వాత ఎలా బతికారో ఇంతవరకు ఎవరూ రాయలేదు. పదవి పోయాక ఆయన మార్షల్ దుస్తులు తిరిగి ఇచ్చేసి, బీజింగ్ శివారులోని ఒక పాత తోట ఇంటికి మారారు. ఒక చిన్న మడి తవ్వి, శ్రద్ధగా సాగు చేస్తే ఎంత పండుతుందో తానే కొలిచి చూశారు. పత్రికల్లో అచ్చయిన దిగుబడులు అసాధ్యమని ఆయనకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. అయినా సొంత చేతులతో రుజువు చేసుకోకుండా ఉండలేకపోయారు. 1962లో తన జీవితం మీద వచ్చిన ఆరోపణలకు 80,000 అక్షరాల సుదీర్ఘ వివరణ రాసి పంపితే అది ఆయన మీద మరో నేరంగా మారింది. 1966 డిసెంబరులో ఎర్ర రక్షకులు సిచువాన్ నుంచి ఆయనను పట్టి తెచ్చారు. లెక్కలేనన్ని విచారణల తర్వాత 1974 నవంబరు 29న క్యాన్సర్‌తో మరణించారు. చితాభస్మం మీద వేరే పేరు రాశారు. 1978 డిసెంబరులో ఆయనపై నిందలు తొలగించారు, లియుకు 1980 ఫిబ్రవరి వరకు ఆ న్యాయం జరగలేదు.

చివరిగా, ఎవరు ఏం చేశారో విడిగా చూడాలని మీరు అడిగారు కనుక, బీజింగ్ దాటి రాష్ట్రాల కార్యదర్శులను కూడా చదవమని కోరుతున్నాను. ఒకే విధానం దేశమంతటా అమలైనా చావులు అన్ని చోట్లా ఒకేలా లేవు. హెనాన్‌లో వూ జీపు ఉత్సాహం వల్ల సిన్‌యాంగ్ ప్రాంతంలో మాత్రమే సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఆయన 1961లో మొదటి కార్యదర్శి స్థానం కోల్పోయారు. సిచువాన్‌ను పాలించిన లీ చింగ్‌చువాన్ తన రాష్ట్రం ఆకలితో ఉండగానే ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపారు. సంఖ్యాపరంగా అత్యధిక మరణాలు అక్కడే సంభవించాయి. అయినా సాంస్కృతిక విప్లవం వచ్చేవరకు ఆయన అధికారంలోనే ఉన్నారు.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఆన్‌హుయ్ కార్యదర్శి జెంగ్ సీషెంగ్. కరవు తొలి దశలో అంకెలు పెంచి, చావులు దాచి, ఎదురు చెప్పినవారిని అణచినది ఆయనే. జనాభా నిష్పత్తిలో చూస్తే దేశంలోకెల్లా అత్యంత దారుణమైన నష్టం ఆ రాష్ట్రానిదే. అదే మనిషి 1961లో మావో దగ్గర అరకొర అనుమతి సంపాదించి, పొలాల బాధ్యతను కుటుంబాలకు అప్పగించే పద్ధతి మొదలుపెట్టారు. పంట మళ్లీ కళ్లబడింది, పల్లె జనం దాన్ని ప్రాణాలు నిలిపిన పొలమని పిలుచుకున్నారు. 1962 ఆరంభంలో ఏడువేల మంది సమావేశంలో ఆయనను పదవి నుంచి దించినప్పుడు, ఆకలిచావులను దాచినందుకూ ఈ పొలాల పద్ధతిని ప్రవేశపెట్టినందుకూ కలిపే విమర్శించారు. ఆన్‌హుయ్ గురించి సాధికారమైన రచనలు చదివినవారు ఎవరైనా ఉంటే ఈ మనిషిని ఎలా అర్థం చేసుకున్నారో ఇక్కడ రాయగలరు.